బొమ్మను చదవడం కూడా బడిలోనే నేర్పాలి

2018లో దేశమంతా ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. బైక్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాడిని ఎత్తుకుపోతారు. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన వీడియో. చివర్లో పిల్లాడిని తిరిగి తెచ్చి దింపేస్తారు. ఆ చివరి ముక్క కోసేసి, మిగతాది ఫార్వర్డ్ చేశారు. కిడ్నాపర్లు తిరుగుతున్నారన్న పుకార్లు ముదిరిన ఆ మే నెలలోనే, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ను గుంపు కొట్టి చంపింది.

2020 ఏప్రిల్‌లో ఇంకో వీడియో. కరోనా అంటించడానికే ముస్లింలు ప్లేట్లు నాకుతున్నారని ప్రచారం. అది రెండేళ్ల కిందటి పాత వీడియో. అన్నం మెతుకు కూడా వృథా కాకూడదని దావూదీ బోహ్రాలు పాటించే అలవాటు అది. ఆ రోజుల్లో పలుచోట్ల ముస్లిం కూరగాయల బండ్లను వీధుల్లోకి రానివ్వలేదు.

ఈ రెండింటిలోనూ దృశ్యాలు కెమెరా తీసినవే. ఒకదాంట్లో కోత అబద్ధం, రెండోదాంట్లో కింద రాసిన మాట అబద్ధం. ఇప్పుడు ఏఐ బొమ్మలూ వచ్చాయి కాబట్టి పని ఇంకా కష్టమైంది. అయినా మొదట అడగాల్సినవి పాత ప్రశ్నలే: ఎవరు తీశారు? ఎప్పుడు, ఎక్కడ? ముందూ వెనకా ఏముంది?

ఈ ప్రశ్నలు కంప్యూటర్ పీరియడ్‌కే వదిలేస్తే అలవాటు కావు. ప్రతి సబ్జెక్టులోనూ వీటికి చోటుంది. లెక్కల్లో 92, 96 మార్కుల గ్రాఫ్‌ను సున్నా నుంచి కాకుండా 90 నుంచి గీస్తే రెండో కడ్డీ మూడింతలు పొడవు కనిపిస్తుంది. సోషల్‌లో గోడ మీది ప్రపంచ పటంలో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఇంచుమించు సమానంగా ఉంటాయి. అసలు ఆఫ్రికా దాదాపు 14 రెట్లు పెద్దది. సైన్స్ పుస్తకంలో సిరల్ని నీలం రంగులో వేస్తారు, కానీ మనిషి రక్తం ఎప్పుడూ నీలంగా ఉండదు. తెలుగు లేదా ఉర్దూ క్లాసులో ఒకే ఫొటోకి రెండు వేర్వేరు వ్యాఖ్యలు రాయిస్తే, మాట మారితే బొమ్మ అర్థం ఎలా మారుతుందో పిల్లలకే తెలుస్తుంది.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఫిన్లాండ్ 2016 నుంచి అమలైన పాఠ్యప్రణాళికలో దీన్ని అన్ని సబ్జెక్టుల్లోనూ కలిపింది. మన పక్కనే కేరళలో కన్నూర్ జిల్లా 2018లో సుమారు 150 ప్రభుత్వ బడుల్లో ఫేక్ న్యూస్ మీద క్లాసులు పెట్టింది. టీకాలపై వాట్సాప్ పుకార్లతో తల్లిదండ్రులు వెనకడుగు వేయడమే దానికి ఒక కారణం. 2022లో ఆ రాష్ట్రం 19 లక్షల మందికి పైగా విద్యార్థులకు ఈ శిక్షణ ఇచ్చింది.

సిలబస్సే పూర్తి కావడం లేదు, ఇదెక్కడ చెప్పాలని టీచర్లు అడగొచ్చు. అడగడం న్యాయమే. కానీ దీనికి కొత్త పీరియడ్ అక్కర్లేదు, కంప్యూటర్ కూడా అక్కర్లేదు. పాఠంలో ఉన్న బొమ్మ దగ్గరే రెండు నిమిషాలు ఆగితే చాలు.

పుకారు వీడియోల దెబ్బ తిన్నవాటిలో ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. అలాంటివాటిని ముందూ వెనకా చూడకుండా ఫ్యామిలీ గ్రూపుల్లో పంపేవాళ్లు ఈ ఇళ్లలోనూ ఉన్నారు. అమ్మీ, దాదీ పంపబోయే వీడియో చూసి "ఇది ఎప్పటిది?" అని అడిగే పిల్లాడు ఇంటికొకడుంటే చాలా అబద్ధాలు అక్కడే ఆగిపోతాయి. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులతో పాటు ఈ సంగతి కూడా అడగాలి.