అటక మీది తుపాకి: జ్ఞాపకమా, నేరమా?

పాత మిద్దెలు విప్పి కొత్త ఇళ్లు కట్టుకొనే కాలమిది. విప్పిన ప్రతి ఇంటి అటక మీదనో, గాదె వెనుకనో, భోషాణం అడుగుననో పెద్దల నాటి వస్తువులు బయటపడుతుంటాయి. ఇత్తడి గిన్నెలు, తాటాకు కట్టలు, పట్టా కాగితాలు, ఎప్పుడైనా ఒక తుపాకి. సైన్యంలో పనిచేసి వచ్చిన తాత, సంస్థాన కొలువులో ఉన్న ముత్తాత, అడవిపందుల బెడదకు లైసెన్సు తీసుకొన్న రైతు పెద్దయ్య వీరిలో ఎవరో ఒకరు దానిని వదిలివెళ్లి ఉంటారు. బళ్లారి, కోలారు వైపున గాని, హోసూరు, తిరుత్తణి వైపున గాని, పర్లాకిమిడి, బరంపురం వైపున గాని ఈ పరిస్థితిలో తేడా లేదు.

మరోవైపు, అమెరికాలోని ఔత్సాహికులు రెండవ ప్రపంచయుద్ధం నాటి రైఫిళ్లను నూనె రాసి తుడిచి గోడకు అలంకరించుకొనే దృశ్యాలను మన పిల్లలు ఫోనులో చూస్తున్నారు. మన ఇంట్లో ఉన్నదానిని మనమెందుకు అలా దాచుకోరాదని అడుగుతున్నారు. ఇంటి పెద్దలు చాలామంది చెప్పే సమాధానం ఒక్కటే: "వందేళ్ల నాటిది, తుప్పు పట్టినది, దాని జోలికి ఎవరొస్తారు?" ఈ సమాధానమే ప్రమాదకరమైనది. మన దేశపు చట్టం తుపాకిని వయసుతో మాత్రమే కొలవదు. పేలే శక్తితో కూడా కొలుస్తుంది.

మూడు దేశాలు, మూడు కొలతలు

అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం 1898లో గాని, అంతకు ముందు గాని తయారైన తుపాకి పురాతన వస్తువు. దానికి ఆ దేశపు కేంద్ర చట్టం కింద సాధారణ తుపాకుల నిబంధనలు వర్తించవు. యాభై ఏళ్లు దాటిన తుపాకులను సేకరించేవారికి ప్రత్యేక లైసెన్సు ఉన్నది. సైన్యం వాడి పక్కన పెట్టిన ఎం-1 గారండ్ రైఫిళ్లను అర్హులైన పౌరులకు అమ్మే సంస్థ కూడా అక్కడ ఉన్నది. బ్రిటన్‌లో కొలత వేరు. ఏ తూటాల తయారీ, వాడుక ఆగిపోయాయో ఆ తూటాల తుపాకులను అలంకార వస్తువులుగా ఉంచుకోవచ్చునని అక్కడి చట్టం. 2021లో ఆ తూటాల జాబితాను నిబంధనలలోనే చేర్చారు.

ఈ సేకరణ వెనుక ఎంత పెద్ద వ్యాపారం ఉన్నదో తెలియడానికి మన పొరుగున ఉన్న నేపాల్ ఉదాహరణ చాలును. ఖాట్మండులోని పాత రాజభవనంలో శతాబ్దానికి పైగా పడి ఉన్న వేలాది తుపాకులను 2003లో అమెరికా వ్యాపార సంస్థలు కొన్నాయి. మార్టినీ-హెన్రీలు, నేపాల్‌లోనే తయారైన గహేంద్ర రైఫిళ్లు ఓడలెక్కి అమెరికా చేరి, తుప్పు వదిలించుకొని, ఒక్కొక్కటిగా సేకర్తల ఇళ్లకు వెళ్లాయి. అవి 1898కి ముందువి కావడమే ఆ అమ్మకాలకు దారి సుగమం చేసింది.

అదే తుపాకి మన పల్లెలో దొరికితే కథ మరొకటి. 1959 నాటి ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్, (సి) క్లాజు ఒక మినహాయింపు ఇస్తుంది. కాలం చెల్లిన నమూనాది గాని, పురావస్తు విలువ కలది గాని, పాడైనది గాని అయిన ఆయుధానికి ఈ చట్టం వర్తించదని చెబుతుంది. అయితే అక్కడే ఒక షరతు కూడా ఉన్నది: మరమ్మతు చేసినా, చేయకపోయినా అది తుపాకిగా పనికిరానిదై ఉండాలి. "మరమ్మతు చేసినా" అన్న మాట మీదనే మొత్తం వ్యవహారం నడుస్తుంది. గొట్టం నిలిచి ఉండి, ఒక స్ప్రింగు మార్చితే పేలే తుపాకి మన కంటికి ఇనుపముక్క. చట్టం కంటికి ఆయుధమే.

ఈ కాఠిన్యం ఎక్కడిది?

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిషు ప్రభుత్వం దేశీయ సిపాయిలకు మంచి రైఫిళ్లు ఇవ్వడానికి జంకింది. రైఫిల్ గొట్టం లోపల మెలిక గాడులు ఉంటాయి. తూటా సూటిగా దూరం పోవడానికి అవే కారణం. ఆ గాడులు లేని నున్నటి గొట్టపు తుపాకులను దేశీయుల చేతికి ఇచ్చారు. 1878లో ఆయుధాల చట్టం తెచ్చి ప్రజలను నిరాయుధులను చేశారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడి చేసి పట్టుకొన్న తుపాకులు 26. విల్లంబులతో ఉన్న మన్యం ప్రజలకు పోలీసుల తుపాకులు, తూటాలే మందుగుండు సంపత్తి అయ్యాయి. ఆయుధం లేని ప్రజల మీద పాలించడం సులభమన్న లెక్క ఆ చట్టంలో ఉన్నదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

స్వతంత్ర భారతం 1959లో కొత్త చట్టం చేసి, 1962 నుండి అమలులో పెట్టింది. పాలకుల భయం పోయినా ఒక జాగ్రత్త మాత్రం నిలిచింది. సైన్యం, పోలీసులు వాడే తూటా పౌరుల తుపాకిలో పట్టరాదన్నదే ఆ జాగ్రత్త. త్రీ నాట్ త్రీ రైఫిల్ సామాన్యునికి నిషిద్ధం కావడానికి, ప్రభుత్వ కర్మాగారాలు పౌరుల కోసం .315 రైఫిల్, .32 రివాల్వరు తయారు చేయడానికి కారణమిదే. త్రీ నాట్ త్రీకి కాలం చెల్లలేదా అంటే చెల్లింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో దానికి వీడ్కోలు పలికారు. అయినా పోలీసులు వదిలిన రైఫిల్ పౌరుని గోడకెక్కదు. అమెరికాలో వలె సైనిక రైఫిళ్లను ప్రజలకు అమ్మే పద్ధతి మనకు లేదు. కనుక "మిలిటరీ డిస్పోజల్‌లో వచ్చిన రైఫిల్" అని ఎవరైనా అమ్మజూపితే అది దొంగసొత్తో, నాటు తయారీయో అయి ఉంటుందని గ్రహించాలి.

2019 సవరణ ఏం మార్చింది?

2019 డిసెంబరులో అమలులోకి వచ్చిన సవరణ వారసత్వపు తుపాకుల మీద నేరుగా ప్రభావం చూపింది. అంతకు ముందు ఒక వ్యక్తికి మూడు తుపాకుల వరకు అనుమతి ఉండేది. దానిని రెండుకు తగ్గించారు. తాత నుండి వచ్చినదైనా సరే ఈ లెక్కలోకే వస్తుంది. లైసెన్సు గడువును మూడేళ్ల నుండి ఐదేళ్లకు పెంచారు. లైసెన్సు లేకుండా సాధారణ తుపాకి ఉంచుకొంటే కనీస శిక్ష ఏడాది నుండి రెండేళ్లకు, గరిష్ఠ శిక్ష మూడేళ్ల నుండి ఐదేళ్లకు పెరిగింది. నిషిద్ధ ఆయుధమైతే 7 నుండి 14 ఏళ్లు. పెళ్లి ఊరేగింపులో నిర్లక్ష్యంగా తుపాకి పేల్చినా రెండేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

2020లో ఐదేళ్లకు పునరుద్ధరించిన లైసెన్సులకు 2025 నుండి గడువు తీరుతూ వస్తున్నది. ఈ మధ్య కాలంలో లైసెన్సుదారు కన్నుమూసి ఉంటే, ఆ తుపాకి ఇంట్లోనే ఉన్నా ఎవరి పేరునా లేదు. గడువు తీరిన లైసెన్సును చిన్న పొరపాటుగా భావించరాదు. సినీనటుడు సల్మాన్ ఖాన్ మీద రాజస్థాన్‌లో 1998లో పెట్టిన ఆయుధాల కేసులో గడువు తీరిన లైసెన్సే ప్రధాన ఆరోపణ. 2017 జనవరిలో జోధ్‌పూర్ కోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించింది. పేరు, ధనం, న్యాయవాదుల బలం ఉన్నవారికే ఆ మాట వినడానికి 18 ఏళ్లు పట్టింది. ఎకరం చేను గలవాని గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

ఎల్ల దాటితే ఏమవుతుంది?

సరిహద్దు కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. మనకు ఇల్లు ఒక రాష్ట్రంలో, చేను మరొక రాష్ట్రంలో ఉండడం వింత కాదు. వియ్యాలకు, సంతలకు, జాతరలకు ఎల్ల అడ్డు రాదు. తుపాకి లైసెన్సుకు మాత్రం వస్తుంది. అది ఏ ప్రాంతంలో చెల్లుతుందో లైసెన్సు పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆ ప్రాంతం దాటి నాలుగు అడుగులు వేస్తే, చేతిలో ఉన్నది లైసెన్సు లేని తుపాకితో సమానమే. చిత్తూరు జిల్లాలోని తాత ఇంట్లో దొరికిన తుపాకిని హోసూరులోని మనుమడు కారులో వేసుకొని వెళ్లడం మమకారంతో చేసిన పనే కావచ్చు. తనిఖీ కేంద్రంలో ఆ మమకారానికి విలువ ఉండదు.

కర్ణాటకలోని మనవారు కొందరు "కొడగులో లైసెన్సు అక్కరలేదు గదా" అని అంటారు. అది నిజమే, కాని ఆ మినహాయింపు కొడవలకు, జమ్మా భూముల హక్కుదారులకు మాత్రమే పరిమితం. 2019లో కేంద్రం దానిని 2029 వరకు పొడిగించింది. కర్ణాటక హైకోర్టు 2021లో దానిని సమర్థించింది. దానిని చూపి కోలారులోనో, రాయచూరులోనో తుపాకి దాచుకొనే వీలు లేదు.

అయితే దొరికిన తుపాకిని ఏం చేయాలి? మొదట దానిని కదిలించి చూడరాదు, మీట నొక్కరాదు. మూతి నుండి మందు కూరే పాత తుపాకులలో దశాబ్దాల కిందటి మందు అలాగే ఉండవచ్చు; తేమ తగలని నల్లమందు ఎన్నేళ్లయినా పేలుతుంది. పిల్లలను దూరంగా ఉంచి, ఉన్నచోటనే ఫోటో తీసి, ఆ ఊరి పోలీసు స్టేషనుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం లైసెన్సు చెల్లని తుపాకిని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని అప్పగించాలి. రసీదు తప్పక తీసుకోవాలి. ఆ రసీదే రేపు కుటుంబానికి రక్ష. ఆపైన వారసుడు తాను నివసించే జిల్లాలో లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. కర్ణాటకలో, మహారాష్ట్రలో జిల్లాధికారి కార్యాలయం, తమిళనాడులో, ఒడిశాలో కలెక్టరు కార్యాలయం ఈ పని చూస్తాయి. 2016 నిబంధనలు వారసులకు దారి చూపాయి. మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న ప్రమాణపత్రం కావాలి. లైసెన్సుదారు బ్రతికి ఉండగానే, ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకి 25 ఏళ్లుగా ఆయన వద్ద ఉన్నా, వారసునికి బదిలీ కోరవచ్చు. పెద్దలు ఉండగానే ఈ పని ముగించుకోవడం ఉత్తమం.

చేయరాని పనులు కూడా ఉన్నాయి. గొట్టం మీది నంబరు గీకరాదు. అది వేరే నేరం. గొట్టం కోసి పొట్టి చేయరాదు. పాత ఇనుము కొనేవానికి అమ్మరాదు. బావిలోనో, చెరువులోనో పారవేసి చేతులు దులుపుకోరాదు. నాటు తుపాకి అయితే వారసత్వం కింద కాగితాలు పుడతాయని ఆశించరాదు. లైసెన్సు లేకుండా తుపాకి తయారు చేసినవారికి ఏడేళ్ల నుండి యావజ్జీవం దాకా శిక్ష ఉన్నది.

తుపాకి లేకుండానే సేకరణ

సైనిక చరిత్రను ఇంట నిలుపుకోవడానికి తుపాకియే కావాలని లేదు. పతకాలు, డిశ్చార్జి పుస్తకం, యుద్ధకాలపు ఉత్తరాలు, ఇనుప శిరస్త్రాణం, నీళ్ల డబ్బా, దుర్భిణి, దిక్సూచి వంటివాటికి ఆయుధ లైసెన్సు అక్కరలేదు. సైన్యం వేలంలో వదిలిన జీపును చక్కని కాగితాలతో నడిపేవారు ఉన్నారు. కత్తుల విషయంలో జాగ్రత్త అవసరం. తొమ్మిది అంగుళాల కంటె పొడవైన అలుగు గల ఖడ్గానికి, బయొనెట్‌కు ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాలలో లైసెన్సు కావాలి. ఎల్లకు ఈవల లేని ఆంక్ష ఆవల ఉండవచ్చు. వందేళ్లు దాటిన పురావస్తువును విదేశాలకు పంపడం 1972 నాటి చట్టం ప్రకారం వ్యక్తులకు నిషిద్ధం. పాత సైనిక దుస్తులను పెట్టెలో దాచుకోవచ్చు. సైనికుడనని నమ్మించడానికి తొడుక్కొంటే శిక్షార్హం. గోపాల్‌పూర్ వంటి శిక్షణా కేంద్రాల ఫైరింగు రేంజిల చుట్టుపక్కల దొరికే గుండ్లను, తునకలను మాత్రం ముట్టనే రాదు. పేలని గుండు సేకరణ వస్తువు కాదు, మృత్యువు.

ప్రభుత్వం చేయవలసినది

బాధ్యత అంతా కుటుంబాల మీదనే మోపడం న్యాయం కాదు. పనికిరాని పాత ఆయుధానికి మినహాయింపు ఇచ్చిన 45వ సెక్షన్, అది పనికిరానిదని ఏ అధికారి ధ్రువీకరించాలో చెప్పదు. హక్కు కాగితం మీద ఉన్నది. దానిని పొందే ద్వారం కనబడదు. కనుక నిజాయితీపరుడు భయపడి దాచిపెడతాడు, లేదా చరిత్ర గల వస్తువును పాత ఇనుములో కలిపివేస్తాడు. రెండూ నష్టమే.

సరిహద్దు జిల్లాల అధికారులు కలిసి ఏడాదికి ఒకసారి శిబిరం పెట్టవచ్చు. తనంత తాను తెచ్చి చూపినవారిపై కేసు ఉండదన్న హామీతో, ఆయుధ నిపుణుని సమక్షంలో పరీక్షించి, పనికిరానిదానికి ధ్రువపత్రం ఇచ్చి, పనికివచ్చేదానిని డిపాజిట్ చేసుకొని, చారిత్రక విలువ గలదానిని కుటుంబం పేరుతో జిల్లా మ్యూజియంలో ఉంచవచ్చు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధశాలను చూసినవారికి ఒక వస్తువు పక్కన నాలుగు పంక్తుల వివరం ఉంటే దాని విలువ ఎంత పెరుగుతుందో తెలుసు. ఊరూ పేరూ లేక అటక మీద తుప్పు పట్టే తుపాకికి ఆ గౌరవం రాదు.

తాత చేతి వస్తువు మీద మనకు ఉన్న ప్రేమను చట్టం కాదనదు; దానికి ఒక కాగితం అడుగుతుంది, అంతే. ఆ కాగితం ఉంటే అది వారసత్వం. లేకపోతే తాత వదిలివెళ్లినది మనుమడికి కోర్టు వాయిదా. ఈ పండుగకు ఇల్లు సర్దుకొనేటప్పుడు అటక ఒకసారి చూసుకోవడం అన్ని కుటుంబాలకూ మేలు.