నిఖత్ పని అయిపోయిందా? నా లెక్క వేరే

రాస్ అల్ ఖైమాలోని నఖీల్‌లో సాయంత్రం చాయ్ దగ్గర నిలబడితే నిజామాబాద్, ఆర్మూర్, కామారెడ్డి వాళ్లు నలుగురైనా కలుస్తారు. వీసాల ముచ్చట, రూము కిరాయిల ముచ్చట అయ్యాక మాట నిఖత్ జరీన్ మీదికి మళ్లుతుంది. మొన్న ఒక పెద్దాయన తేల్చి చెప్పాడు: "ఇరవై తొమ్మిదేండ్లు నిండినయ్. డీఎస్పీ నౌకరీ ఉంది. ఇగ చాలు తియ్." నేను ఒప్పుకోలేదు. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆయన మాటలో నిజమెంతో చూద్దాం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యు చేతిలో 0-5. 2025 సెప్టెంబర్‌లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్ ఫైనల్లో టర్కీకి చెందిన బుసెనాజ్ చకిరోగ్లు చేతిలో మళ్లీ 0-5. రెండుసార్లూ అయిదుగురు జడ్జీలు అవతలి వైపే మొగ్గారు. జడ్జీలను తిట్టుకోవడానికి కూడా చోటు లేదు.

అయితే దీనికి కారణం వయసేనా? బుసెనాజ్ పుట్టింది కూడా 1996లోనే, నిఖత్ కంటే కొద్ది రోజులు పెద్ద. వూ యు ఇంకో ఏడాది పెద్ద. బుసెనాజ్‌తో పాత లెక్క కూడా ఏకపక్షం కాదు. 2021లో ఇస్తాంబుల్‌లో ఆమె గెలిచింది. 2022 ఫిబ్రవరిలో స్ట్రాంజా టోర్నీ సెమీస్‌లో, ఆమె టోక్యో రజతంతో ఊపు మీదున్నప్పుడు, నిఖత్ 4-1తో ఓడించింది. అదే ఏడాది ఇద్దరూ వేర్వేరు బరువుల్లో ప్రపంచ చాంపియన్లయ్యారు.

నా దృష్టిలో అసలు చిక్కులు రెండు. మొదటిది డ్రా. పారిస్‌లో నిఖత్‌కు సీడింగ్ లేదు. అందుకే రెండో బౌట్‌లోనే టాప్ సీడ్ వూ యు ఎదురైంది, చివరికి స్వర్ణం కూడా ఆమెదే. లివర్‌పూల్‌లోనూ సీడింగ్ లేకుండానే వెళ్లి క్వార్టర్స్‌లోనే బుసెనాజ్‌కు తగిలింది. రెండోది బరువు. పారిస్‌లో విభాగం 50 కిలోలు. రెండు రోజులు సరిగా తినలేదని, నీళ్లు కూడా తాగకుండా బరువు తగ్గించుకున్నానని ఓడిన తర్వాత ఆమే చెప్పింది. 2028 లాస్ ఏంజెలెస్‌లో మహిళల అతి తక్కువ విభాగం 51 కిలోలు. ముప్పై దాటిన ఒంటికి ఆ ఒక్క కిలో చిన్న ఊరట కాదు.

2025 నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్ ఫైనల్స్ స్వర్ణం వచ్చింది, చైనీస్ తైపీ బాక్సర్‌పై 5-0. సంతోషమే. కానీ అక్కడ బుసెనాజ్ గానీ, వూ యు గానీ ఎదురుకాలేదు. దాన్ని చూసి పగ తీరిందనుకోకూడదు.

ఇంట్లోనూ పోటీ ఉంది. లివర్‌పూల్‌లో 48 కిలోల స్వర్ణం గెలిచిన మీనాక్షి హుడాకు 24 ఏళ్లు. 48 కిలోలు ఒలింపిక్స్‌లో లేవు కాబట్టి ఆమె చూపు 51 మీద పడక తప్పదు. 2019లో ఇరవై మూడేళ్ల నిఖత్ ట్రయల్ కావాలని పట్టుబట్టింది, మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది. అప్పుడు మేరీకి 36 దాటాయి. ఇప్పుడు నిఖత్ నిలబడింది మేరీ నిలబడిన చోట. పెద్దవాళ్లు ఓడిపోవాలనే రూల్ లేదని ఆ రోజే ఆమెకు తెలిసొచ్చింది.

ఇక ముందు సంగతి. 2026 జులైలో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలున్నాయి, కానీ ఆ ఇద్దరి దేశాలూ అందులో ఉండవు. అసలు పరీక్ష సెప్టెంబర్‌లో జపాన్‌లోని ఐచి-నగోయా ఆసియా క్రీడల్లో. వూ యు వస్తే రీమ్యాచ్ అక్కడే జరగొచ్చు. బుసెనాజ్‌తో లెక్క ప్రపంచ పోటీల్లోనో, లాస్ ఏంజెలెస్‌లోనో తేలాలి. ఈ రోజే తలపడితే నిఖత్‌కు పదిలో నాలుగు వంతుల అవకాశమే ఇస్తాను. అంతర్జాతీయ టోర్నీలు ఆడి, ర్యాంకింగ్ పాయింట్లు పోగేసి, సీడింగ్‌తో బరిలో దిగితే సగం సగం.

ఇంకో మాట. ఆమె నాన్న జమీల్ అహ్మద్ సౌదీలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసి, బిడ్డ ఆట కోసం నిజామాబాద్ తిరిగి వెళ్లాడు. ఇక్కడ నెల జీతం వదులుకుని ఆ టికెట్ కొనడం ఎంత కష్టమో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాంటి ఇంటి పిల్లను చాయ్ తాగుతూ "ఇగ చాలు" అనడానికి నాకు నోరు రాదు.

నగోయా దాకా ఆగుదాం. అక్కడ కూడా 0-5 అయితే ఆ పెద్దాయనకు చాయ్ నా లెక్కలోనే.