పెంపుడు కుక్కకు దుంపకూరలు పెట్టవచ్చునా?

అల్వాల్‌లో మా వైద్యశాల ఉన్న వీధిలో కుక్క లేని ఇల్లు అరుదు. కంటోన్మెంటుకు చేరువలో ఉన్న ఊరు కావడం వలన సైన్యంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. ఉదయపు నడకకు వారికి ఒక కుక్క తోడుగా ఉండవలసిందే. ఆ కుక్కల బాధలు కూడా నా వద్దకు వస్తూ ఉంటాయి. ఆకలి లేదని ఒకరు, వెంట్రుకలు రాలుతున్నవని మరొకరు, ఏదైనా గృహవైద్యం చెప్పమని అడుగుతారు. నేను పశువైద్యుడను కాను. అయినప్పటికీ అడిగినవారిని ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక చాలాకాలం ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. ఆ అలవాటు మానుకున్న తరువాత వ్రాస్తున్న వ్యాసమిది. ఎందుకు మానుకున్నానో ముందుగా చెప్పవలసి ఉన్నది.

రెండేళ్ళ క్రితం వానాకాలంలో మా వీధి చివర నివసించే ఒక విశ్రాంత సైనికుడు తన పొమరేనియన్ కుక్కను చంకన పెట్టుకుని వచ్చారు. అయిదు కిలోల బరువు కూడా లేని చిన్న ప్రాణి. ఒంటినిండా పిడుదులు. వెల్లుల్లి క్రిమిఘ్నమనీ, వాతహరమనీ, రసాయనమనీ చిన్ననాటి నుండి వల్లెవేసినవాడను కనుక క్షణమైనా ఆలోచించకుండా, నాలుగు రెబ్బలు నేతిలో వేయించి రోజూ అన్నంలో కలిపి పెట్టమన్నాను. ఆ ఇంట కుక్కకు పెట్టేది ఏమిటని అడగలేదు. అడిగి ఉంటే, ఉల్లిపాయలు దండిగా వేసిన సాంబారన్నం రెండు పూటలా పెడుతున్నారని తెలిసి ఉండేది.

పన్నెండవ రోజున ఆయన మళ్ళీ వచ్చారు. కుక్క నిలబడలేకపోతున్నది. చిగుళ్ళు తెల్లకాగితం వలె ఉన్నాయి. మూత్రం కాఫీ డికాక్షను రంగులో పోతున్నదన్నారు. మనిషిలో ఆ లక్షణాలు చూస్తే నేను పాండురోగమనో కామల అనో అనుకునేవాడిని. ఇక్కడ ఏమనుకోవాలో తోచక వెంటనే పశువైద్యుని వద్దకు పొమ్మన్నాను, నేనూ వెంట వెళ్ళాను. పిడుదుల వలన వచ్చే జ్వరంలో కూడా ఇలాగే రక్తం విరుగుతుంది కనుక ఆ వైద్యుడు మొదట దానినే అనుమానించి రక్తం తీసి గాజుపలక మీద చూశారు. తలయెత్తి, "దీనికి ఉల్లిగాని వెల్లుల్లిగాని పెడుతున్నారా?" అని అడిగారు. ఆ సైనికుడు నా వైపు చూడలేదు. "పెడుతున్నామండీ" అని మాత్రం అన్నారు. ఆయన నా పేరు చెప్పి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఉల్లి, వెల్లుల్లిలో ఉన్న గంధక సంబంధమైన పదార్థాలు కుక్క శరీరంలో రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఎర్రకణంలోని హిమోగ్లోబిన్ చెడి చిన్న ముద్దలుగా గడ్డకడుతుంది. ఆ ముద్దలు సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి, వాటిని హైన్జ్ కణికలంటారు. అట్టి కణాలను శరీరమే విరిచివేస్తుంది. మన రక్తకణాల కంటె కుక్క రక్తకణాలకు ఈ దెబ్బను తట్టుకునే శక్తి తక్కువ, పిల్లికి మరీ తక్కువ. కుక్క తన బరువులో రెండు వందలవ వంతుకు మించి ఉల్లి ఒకేసారి తింటే రక్తంలో మార్పు కనిపించవచ్చునని పశువైద్య గ్రంథాలు చెబుతున్నాయి. అంటే అయిదు కిలోల కుక్కకు 25 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయలో సగం. కొద్దికొద్దిగా రోజూ పెట్టినా ఆ హాని కూడుతూ పోతుంది. బరువుకు బరువు చూస్తే వెల్లుల్లి ఇంకా ఘాటైనది. పచ్చిదైనా, వేయించినదైనా, ఎండబెట్టి పొడి చేసినదైనా ఒకటే. తిన్న వెంటనే ఏమీ కనిపించకపోవడం మరొక చిక్కు. కొన్ని రోజుల తరువాత గాని లక్షణాలు బయటపడవు కనుక కారణం ఉల్లిపాయ అని ఇంటివారికి తట్టదు.

సంస్కారం వలన ద్రవ్యగుణం మారుతుందన్న సూత్రాన్ని మా గురువుగారు మాకు పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నేర్పారు. పచ్చి కంద గొంతు పట్టుకుంటుంది, ఉడికిన కంద అర్శస్సులకు మందు. ఆ పాఠం సత్యమే. కాని ఏ సంస్కారమూ ఉల్లిలోని దోషాన్ని కుక్క కొరకు తొలగించదు. గురువుగారే చెప్పిన మరొక పాఠాన్ని నేను మరచాను, అది సాత్మ్యం. ఒకరికి పథ్యమైనది మరొకరికి అపథ్యం కావచ్చునన్నది మనుషుల మధ్యనే నిజమైనప్పుడు, మనిషికీ జంతువుకూ మధ్య ఎంత నిజం కావాలి? చరకసంహిత సిద్ధిస్థానంలో వస్తిచికిత్స చెప్పేటప్పుడు ఏనుగుకు, ఒంటెకు, ఆవుకు, గుర్రానికి, మేకకు వేరువేరుగా ద్రవ్యాలు చెప్పబడ్డాయి. గుర్రాలకు శాలిహోత్రుని శాస్త్రం ఉన్నది, ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం ఉన్నది, చెట్లకు సైతం వృక్షాయుర్వేదం ఉన్నది. మనిషికి చెప్పినదే ఏనుగుకు చెబితే సరిపోతుందనుకుని ఉంటే వారు ఇన్ని గ్రంథాలు వ్రాసే శ్రమ పడేవారు కారు. నేడు మన గృహవైద్య పత్రికలలో "ఇది వంటింటి వస్తువే, మనుషులకూ పశువులకూ హాని లేదు" అన్న వాక్యం కనిపించినప్పుడల్లా నాకు ఆ తెల్లని చిగుళ్ళు గుర్తుకు వస్తాయి. ఆ వాక్యం వ్రాసిన వైద్యులలో నేనూ ఒకడను.

ఇక దుంపల విషయం. భూమిలో పండేవన్నీ ఒక జాతి అన్నట్లు మనం మాట్లాడుతాం. అల్వాల్ రైతుబజారులో ఒకే బల్లమీద చిలగడదుంప పక్కన చేమదుంప, దాని పక్కన ఉల్లిగడ్డ పోసి ఉంటాయి. కుక్కకు సంబంధించినంత వరకు వీటిలో ఒకటి ఆహారం, ఒకటి బాధ, ఒకటి విషం.

చిలగడదుంపను నేను నిస్సంకోచంగా మంచిదంటాను. చెక్కు తీసి, ఉప్పు లేకుండా మెత్తగా ఉడికించి, చల్లార్చి పెట్టవలెను. నల్లమచ్చలు పడినది, బూజు పట్టినది పారవేయవలెను. బూజుపట్టిన చిలగడదుంప పశువుల ఊపిరితిత్తులను పాడుచేస్తుందన్నది తెలిసిన విషయమే. క్యారెట్ కూడా మేలైనదే. అందులోని పసుపు వర్ణద్రవ్యాన్ని కుక్క శరీరం విటమిన్-ఎగా మార్చుకోగలదు, పిల్లికి ఆ శక్తి లేదు. పచ్చి క్యారెట్ పెట్టదలచినవారు గుండ్రని ముక్కలుగా తరగరాదు. ఆత్రంగా మింగే కుక్కకు ఆ బిళ్ళ గొంతుకు అడ్డుపడుతుంది. తురిమి గాని, ఉడికించి నలిపి గాని పెట్టడం ఉత్తమం. బీట్‌రూట్ కొద్దిగా పెట్టవచ్చును. మరునాడు మలం ఎర్రగా కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అయితే మూత్రంలో రాళ్ళు వచ్చిన కుక్కకు అది వద్దు, ఆక్సలేట్ ఎక్కువ. ముల్లంగి విషం కాదు గాని వాయువు చేస్తుంది. ఇంట్లో కుక్కతో ఒకే గదిలో పడుకునేవారికి ఇంతకంటె వివరించనక్కరలేదు.

బంగాళాదుంప విషయంలో జాగ్రత్త అవసరం. ఆకుపచ్చ రంగు తిరిగినది, మొలకలు వచ్చినది సోలనిన్ అనే విషపదార్థం కలిగి ఉంటుంది. ఉడికించినంత మాత్రాన అది పోదు. మనం మొలక గిల్లివేసి వండుకుంటాం, కుక్కకు తొక్కలు వేస్తాం. అంటే విషం ఎక్కువ ఉన్న భాగాన్ని ఏరి పెడుతున్నామన్నమాట. మంచి దుంపను తొక్క తీసి ఉడికించి పెడితే దోషం లేదు. వేపుడు మాత్రం వద్దు. కుక్కకు నెయ్యి కూడు ఇమడదన్న మన పెద్దల మాట ఎగతాళికి పుట్టినా అందులో వైద్యం ఉన్నది. కొవ్వు మితిమీరితే కుక్కకు క్లోమం వాచి ప్రాణం మీదికి వస్తుంది.

చేమ, కంద. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గాని, కందకు దురద ఉన్నది. చేమలోను, కందలోను కంటికి కానరాని కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి. అవి నాలుకకు, గొంతుకు గుచ్చుకుంటాయి. మనకు గొంతు పట్టుకుంటే అవతల పెట్టి నీళ్ళు త్రాగుతాం, కూర చేసినవారిని నాలుగు మాటలంటాం. కుక్క ఏమి చేయగలదు? చొంగ కారుస్తుంది, ముందుకాళ్ళతో మూతి రుద్దుకుంటుంది, కక్కుకుంటుంది. ఇంటివారు దానిని పిచ్చికుక్క అని కూడా భయపడతారు. చింతపండు వేసి దురద విరుస్తాము గదా అంటారేమో. అది మరింత చిక్కు. ద్రాక్షపండు కుక్కల మూత్రపిండాలను చెడగొడుతుందని పశువైద్యులు ఎంతోకాలంగా గమనిస్తున్నారు. మన శాస్త్రంలో ఫలాలన్నిటిలో శ్రేష్ఠమన్న ద్రాక్షయే! దానికి కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చునని 2021లో అమెరికాలోని పశువిష నిపుణులు సూచించారు. చింతపండు పులుపులో ప్రధానమైనది ఆ ఆమ్లమే. కనుక కంద పులుసు, చేమ పులుసు, ఆ మాటకొస్తే ఏ పులుసు మెతుకులూ కుక్క గిన్నెలోకి పోరాదని నా అభిప్రాయం.

కర్రపెండలం పెద్దాపురం, సామర్లకోట ప్రాంతంలో సగ్గుబియ్యం కొరకు పండిస్తారు. నగరంలో ఉడికించినది అమ్ముతుంటారు. సరిగా శుద్ధి కానిదానిలో, ముఖ్యంగా తొక్కలో, సయనైడు పుట్టించే పదార్థముంటుంది. ఇన్ని మంచి దుంపలు ఉండగా దానిజోలికి పోవడమెందుకు?

పరిమాణం గురించి కూడా అడుగుతారు. దుంపలుగాని, ఇతర చిరుతిండ్లుగాని అన్నీ కలిపి కుక్క రోజు ఆహారంలో పదవ వంతు మించరాదన్నది పశువైద్యుల సాధారణ నియమం. పొమరేనియన్ వంటి చిన్న కుక్కకు ఉడికిన చిలగడదుంప రెండు చెంచాలు, లాబ్రడార్ వంటిదానికి ఒక చిన్న కప్పు. మధుమేహం ఉన్న కుక్కకు అదీ వైద్యుని అడిగిన తరువాతనే. కొత్త దుంపను మొదటిసారి పెట్టినప్పుడు ఒక చెంచాతో ఆపి రెండు రోజులు మలం చూడవలెను.

ఇక్కడ నా శాకాహార మిత్రులతో ఒక మాట. మా కుక్కకు సాత్త్వికాహారమే పెడుతున్నామని, దుంపలు, అన్నం, పప్పుచారుతోనే పెరుగుతున్నదని గర్వంగా చెప్పేవారు మా వీధిలోనే ముగ్గురున్నారు. నేనూ శాకాహారినే. కుక్క తోడేలు వంటిది కాదు. మనతో వేల ఏళ్ళు కలిసి బ్రతికినందున పిండిపదార్థాన్ని జీర్ణం చేసుకునే జన్యువులు దానిలో తోడేలు కంటె హెచ్చుగా ఉన్నాయని 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు నిరూపించారు. కనుక అన్నం, దుంప అరుగుతాయి. అరుగుట వేరు, చాలుట వేరు. మాంసకృత్తులు తగినంత లేక కండ కరిగిన కుక్కలను నేను చూశాను. మాంసం ఇంటిలోకి రానీయని వారు గుడ్డు, పెరుగు పెట్టడమో, లేక పశువైద్యుడు సూచించిన సమతులాహారం కొనడమో చేయవలెను. అదీ కూడదనుకుంటే కుక్కకు బదులు చిలుకనో ఆవునో చూసుకోవడం మేలు. నా మాట కఠినంగా ఉంటే మన్నించండి.

ఊళ్ళో కుక్కలు తరతరాలుగా పులుసన్నం తిని బ్రతకలేదా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. బ్రతికినవాటిని మనం చూశాం. పాలిపోయి పశువులకొట్టం వెనుక చచ్చిపడినవాటి రక్తాన్ని ఎవరు పరీక్షించారు? దెబ్బ తగిలిందనో, ముసలిదైందనో అనుకున్నాం.

ఇంతకూ ఆ పొమరేనియన్‌కు మరో కుక్క రక్తం ఎక్కించవలసి వచ్చింది. వీధిలోని ఒక లాబ్రడార్ ఇచ్చింది. మూడు వారాలకు చిగుళ్ళు ఎరుపెక్కాయి. పిడుదులకు పశువైద్యుడు వేరే మందిచ్చారు. ఇప్పుడు ఆ ఇంట తాలింపు పెట్టకముందే కుక్క వంతు పప్పు, అన్నం, ఉడికిన క్యారెట్ వేరు గిన్నెలోకి తీస్తున్నారు. పోయిన వారం ఆయన కుక్కతో సహా మా అరుగు మీదికి వచ్చి, దానికి దగ్గు వస్తున్నదని, అల్లం తేనె నాకించవచ్చునా అని అడిగారు. పశువైద్యుని చిరునామా వ్రాసి ఇచ్చాను. "మీకు తెలియదా, వైద్యులుగారూ?" అన్నారు నవ్వుతూ. తెలియదన్నాను.