వాన తగ్గాక వెళ్దాంలే

మన దగ్గర వానొస్తే ఏం చేస్తామో అందరికీ తెలుసు. దగ్గర్లో ఉన్న కిరాణా కొట్టు రేకు కిందో, బస్టాపులోనో దూరి తగ్గేదాకా నిలబడతాం. అరగంటో, గంటో.. కుండపోతగా కురిసి వెలుస్తుంది. చొక్కా విదుల్చుకుని మన దారిన మనం పోతాం. సియాటిల్‌లో నా మొదటి చలికాలాన్ని మింగేసింది ఈ అలవాటేనని నా అభిప్రాయం.

సియాటిల్ అనగానే "అమ్మో, తెగ వానలంట కదా" అంటారు. లెక్క చూస్తే ఇక్కడ ఏడాదికి 950 మిల్లీమీటర్ల పైచిలుకు, హైదరాబాదులో ఓ 800. న్యూయార్కులో ఇక్కడికన్నా ఎక్కువే! కాకపోతే మన దగ్గర దబదబా కురిసి పోయేదాన్ని ఇక్కడ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా జల్లెడ పట్టినట్టు రాలుస్తాడు దేవుడు. ఏడాదికి సుమారు 150 రోజులు. ముసురు అంటాం చూడండి, అదే.. ఆరు నెలల ముసురు.

దీని కోసం ఆగితే ఏమవుతుంది? శనివారం పొద్దున్నే కిటికీలోంచి చూడటం, "తగ్గాక వెళ్దాంలే" అనుకోవడం, లాప్‌టాప్ తెరవడం. డిసెంబరులో సాయంత్రం 4:20కే పొద్దు గుంకుతుంది. ఇంకేం వెళ్తాం! మిగతా రోజుల్లో ఇంటి గ్యారేజీ నుంచి ఆఫీసు గ్యారేజీకి. ఓసారి గుర్తు చేసుకుంటే, మూడు వారాలుగా ఆఫీసువాళ్ళతో తప్ప ఎవరితోనూ ఎదురుగా కూర్చుని మాట్లాడలేదు. "గొంతేంట్రా అలా ఉంది?" అని అమ్మ అడిగితే "వాన కదమ్మా, జలుబు" అన్నాను. జలుబేం లేదు. పది గంటలు పడుకున్నా లేవబుద్ధి కాక డాక్టరు దగ్గరికెళ్తే, విటమిన్ డి బాగా తక్కువుందని మాత్రలు రాసిచ్చారు. ఇంత ఉత్తరాన చలికాలపు ఎండకి అది ఒంట్లో తయారవదట. పైగా మన రంగుకి ఎండ ఇంకా ఎక్కువ కావాలి.

మా టీములో ఓ పెద్దాయన రోజూ మధ్యాహ్నం గొడుగు లేకుండా, టోపీ ఉన్న జాకెట్ వేసుకుని నడకకి వెళ్తాడు. ఓ రోజు నన్నూ రమ్మన్నాడు. వాన తగ్గాక వస్తానన్నాను. "అంటే జూలైలోనా?" అన్నాడు.

ఆ రోజు నుంచి నేనూ వెళ్తున్నాను. ఎంత మబ్బు పట్టినా బయటి వెలుతురు ఆఫీసు లైట్లకన్నా చాలా నయం. నీళ్ళు దిగని బూట్లకి పెట్టిన డబ్బులు అస్సలు దండగ కాదు. మాత్రలు మాత్రం మానలేదు, నడక వాటికి బదులు కాదు మరి.

నాకు అర్థం కానిదొకటే. మనవాళ్ళ పార్టీల్లో గ్రీన్ కార్డు, బెల్‌వ్యూలో ఇళ్ళ ధరలు, పిల్లల స్కూళ్ళు అన్నీ మాట్లాడతాం. "ఈ నవంబరు నుంచీ నాకు దిగులుగా ఉంటోంది" అని ఒక్కరూ అనరు. నేనూ అనలేదు. అన్నాక చూస్తే, నలుగురిలో ఇద్దరి దగ్గర అవే మాత్రలు!

మొన్న శనివారం వానలోనే గ్రీన్ లేక్ చుట్టూ తిరిగాను. నాలుగున్నర కిలోమీటర్లు. చీకటి పడుతోంది, అక్కడ అమ్మ అప్పుడే లేచింది. ఫోన్ చేసి తడుస్తూ నడుస్తున్నానని చెప్పాను.

"వానలో ఫోనేంట్రా, ముందు ఎక్కడన్నా నీడకి నిలబడు" అంది :)