పాట వెనకాల పది చేతులు

పాట బాగుంటే పాడిందెవరని అడుగుతాం. ఇంకాస్త ఆసక్తి వున్నవాళ్ళు సంగీత దర్శకుడెవరని అడుగుతారు. మరి పల్లవి అయ్యాక, చరణం మొదలయ్యే లోపల గుండె పట్టేసేలా గిటారు వాయించిందెవరు? ఈ ప్రశ్న అడిగినవాళ్ళని నేను ఒకరిద్దర్నే చూశాను. అందులో ఒకణ్ణి నేనే అనుకోండి!

నాకీ పిచ్చి పట్టించింది ఓ అమెరికా రికార్డు. 1980ల మొదట్లో మద్రాసు మూర్ మార్కెట్లో పాత పుస్తకాల పక్కన దొరికింది. (ఆ మార్కెట్టు 1985లో తగలబడిపోయింది, పాపం!) రికార్డు పేరు 'పీసెస్ ఆఫ్ ది స్కై'. అంటే ఆకాశపు తునకలన్నమాట. పాడినావిడ ఎమ్మీలూ హారిస్. "ఏమోయ్, మన పాటలు అయిపోయాయా? ఇవెక్కడివి?" అని గదిలో మిత్రుడు నవ్వాడు. రెండు పాటలయ్యేసరికి వాడే, "మళ్ళీ పెట్టు" అన్నాడు.

కంట్రీ సంగీతం అమెరికా పల్లెల్లో పెరిగింది. ఫిడేలు, బాంజో, గిటారు దాని ఆస్తి. ఎడబాటు, ఇల్లు, దేవుడు, తాగుడు, రైలు ప్రయాణం దాని కథలు. ఎమ్మీలూ 1969లోనే 'గ్లైడింగ్ బర్డ్' అని ఒక రికార్డు ఇచ్చింది. అది ఎవరికీ పట్టలేదు. తీసిన కంపెనీ కూడా కొద్దికాలానికే మూతపడింది. చంటిపిల్లని ఎత్తుకుని పుట్టింటికి చేరిన ఆ అమ్మాయి వాషింగ్టన్ చుట్టుపక్కల చిన్న చిన్న క్లబ్బుల్లో పాడుకునేది.

అక్కడే గ్రామ్ పార్సన్స్ కంటబడింది. అతనికి జంటగా పాడే ఓ గొంతు కావాలి. మన యుగళగీతాల్లో ఎక్కువగా ఒకరి తర్వాత ఒకరు పాడతారు కదా? వాళ్ళ పద్ధతి వేరు. ఇద్దరూ ఒకేసారి, ఒకే మాటని వేరు వేరు స్వరాల్లో పాడతారు. ఒక గొంతు ముందు నడుస్తుంది, రెండోది దాని భుజమ్మీద చెయ్యేసుకుని నడుస్తుంది. ఎమ్మీలూ ఆ రెండో గొంతు. 1973లో వచ్చిన పార్సన్స్ మొదటి సొంత రికార్డు 'జి.పి.'లో ఇద్దరూ కలిసి పాడారు. రెండో రికార్డుకి పాడడం కూడా అయిపోయింది. ఇంతలో 1973 సెప్టెంబరు 19న పార్సన్స్ చనిపోయాడు. వయసు ఇరవయ్యారే!

ముందు నడిచే గొంతు లేకపోతే రెండో గొంతు ఏం చెయ్యాలి?

ఇక్కడే మన వాయిద్యగాళ్ళు వస్తారు. పార్సన్స్ తన రికార్డుకి వాయించమని ఏకంగా ఎల్విస్ ప్రెస్లీ దగ్గర పనిచేసేవాళ్ళనే పిలిపించుకున్నాడు. గిటారుకి జేమ్స్ బర్టన్, పియానోకి గ్లెన్ డి. హార్డిన్, డ్రమ్స్‌కి రానీ టట్. 1975 ఫిబ్రవరిలో వచ్చిన 'పీసెస్ ఆఫ్ ది స్కై' పేర్ల పట్టీలో ఆ ముగ్గురూ మళ్ళీ కనిపిస్తారు! యజమాని పోయాడు, ఆ అమ్మాయి పక్కన మాత్రం వాళ్ళు నిలబడ్డారు.

నిర్మాత బ్రయాన్ ఎహర్న్ కెనడా మనిషి. ఓ పెద్ద ట్రక్కు ట్రెయిలర్లోనే స్టూడియో కట్టించుకున్న ఘనుడు! బెవర్లీ హిల్స్‌లో ఓ అద్దె ఇంటి ముందు దాన్ని నిలిపి, లోపలికి తీగలు లాగించాడు. గదుల్లో వీళ్ళు వాయిస్తుంటే బయట ట్రక్కులో రికార్డయ్యేది. ఎక్కువ పాటలు అలా తయారైనవే. ఫిడేలుకి బైరన్ బెర్లైన్, పెడల్ స్టీల్‌కి బెన్ కీత్ వచ్చారు. పెడల్ స్టీల్ అంటే మన సినిమా పాటల్లో ఏడ్పించే హవాయన్ గిటారుకి దగ్గర చుట్టం. బల్లలా ముందు పరుచుకుని, చేతులతోపాటు కాళ్ళతో కూడా స్వరాన్ని వంచుతారు.

లూవిన్ సోదరుల పాత పాటొకటి ఇందులో పాడి ఎమ్మీలూ కంట్రీ పట్టీలో 4వ స్థానానికి ఎక్కింది. ఈసారి ముందు నడిచింది ఆవిడ గొంతే. మరి రెండో గొంతు? బాంజో వాయించే హెర్బ్ పెడర్సన్‌ది! ఒకప్పుడు పార్సన్స్‌కి తను చేసిన పనే ఇప్పుడు తనకి ఇంకొకరు చేశారు. పార్సన్స్ పోయిన దుఃఖంతో బిల్ డానాఫ్‌తో కలిసి ఆవిడ రాసిన 'బౌల్డర్ టు బర్మింగ్‌హామ్' కూడా ఇందులోదే. గది దీపం ఆర్పేసి వినండి. ఇంతకన్నా నేను చెప్పను.

తర్వాత, "ఓ హాట్ బ్యాండు కట్టుకో" అని కంపెనీవాళ్ళు అన్నారట. ఆవిడ కట్టుకుని, పేరు కూడా 'హాట్ బ్యాండ్' అనే పెట్టేసింది! కానీ కాల్షీట్ల గొడవ మనవాళ్ళకేనా? ఎల్విస్ ఊళ్ళు తిరిగే తేదీలూ ఈవిడ తేదీలూ ఢీకొన్నాయి. 1976లో బర్టన్ ఎల్విస్ వైపు వెళ్ళిపోయాడు. హార్డిన్ మాత్రం ఎల్విస్‌ని వదిలి ఈవిడ దగ్గరే వుండిపోయాడు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని నేను తీర్పు చెప్పలేను. ఇద్దరూ పొట్ట చేతపట్టుకుని వచ్చిన కళాకారులే. బర్టన్ ఖాళీ చేసిన కుర్చీలోకి ఇంగ్లండు నుంచి వచ్చిన ఆల్బర్ట్ లీ చేరాడు. అతనూ తక్కువవాడేం కాదు!

ఇంత కథా నాకు తెలిసింది దేనివల్లో తెలుసా? ఆ రికార్డుతోపాటు వాయించినవాళ్ళ పేర్లు అచ్చేశారు గనక. మన పాత సినిమా రికార్డుల మీద పాడినవాళ్ళు, రాసినవారు, స్వరపరచినవారు వుండేవారు. ఫిడేళ్ళు, వేణువు, తబలా, గిటారు వాయించినవాళ్ళ పేర్లు చాలావాటి మీద కనిపించవు. మన చిన్నతనమంతా వాళ్ళ చేతుల మీదుగానే గడిచింది. కానీ, ఆ చేతులు ఎవరివో చెప్పమంటే నీళ్ళు నములుతాం.

అందుకే ఓ చిన్న పని చెప్తాను, చేస్తారా? మీకు ప్రాణమైన పాటొకటి ఈ రాత్రి రెండుసార్లు వినండి. మొదటిసారి గొంతు కోసం. రెండోసారి గొంతుని వదిలేసి, వెనకాల వాళ్ళ కోసం. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి: "ఆ వేణువు ఎవరిది?" అని. ఒక్క పేరు దొరికినా మీ పాటల నోటుబుక్కులో రాసుకోండి.

ఉంటాను మరి!