మోటారుబండి మరమ్మతు

నేటి మోటారుకార్లు యజమానుల చేతికి లొంగకున్నవనుట నిర్వివాదము. పాత అంబాసిడరు బండి త్రోవలో నిలిచినచో డ్రైవరు బానెట్టు ఎత్తి, ప్లగ్గులు తుడిచి, కార్బ్యురేటరులోని నలుసు నూది, పాయింట్లు గీకి మరల పయనము సాగించెడివాడు. నేడు పెట్రోలు పాలును, నిప్పురవ్వ వేళను నిర్ణయించునది ఒక చిన్న పెట్టెలోని కంప్యూటరు. దోషమెచ్చటనున్నదో తెలియవలెనన్న స్కానరు తగిలింపవలసినదే.

ఈ జటిలత నిష్కారణముగ రాలేదు. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమలునకు వచ్చిన భారత్ స్టేజి 6 నిబంధనలు కోరు శుభ్రత కార్బ్యురేటరుకు సాధ్యము కాదు. ఎయిర్‌బ్యాగులు ప్రాణములను కాపాడుచున్నవి. పాతబండ్లే మేలని నిట్టూర్చువారితో మేమేకీభవింపజాలము. ఆ బండ్లు ఎంత తరచుగ బానెట్టు ఎత్తించెడివో వారు మరచినట్లున్నారు!

కాని జటిలత వేఱు, తాళము వేఱు. క్రొత్త భాగమును అమర్చినను, కంపెనీ సాఫ్టువేరు అనుమతింపనిదే కొన్ని బండ్లు దానిని స్వీకరింపవు. ఇది యంత్రధర్మము కాదు, వ్యాపారతంత్రము. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషను 14 కార్ల కంపెనీలపై సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించినది. విడిభాగములను, దోషనిర్ణయ సాధనములను స్వతంత్ర మెకానిక్కులకు అందనీయకుండుటయే అందలి ప్రధానాభియోగము. కంపెనీలు అప్పీళ్లకు పోయినవి. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున 2012లోనే వోటర్లు మరమ్మతు హక్కును చట్టముగ ఆమోదించిరి. మన కేంద్రప్రభుత్వము 2022లో ఒక కమిటీని నియమించి, అదే సంవత్సరాంతమున ఒక పోర్టలును తెరచినది. సంతోషమే. అయినను పోర్టలు సమాచారమును చూపగలదు గాని, ఇయ్యనివానిచేత ఇప్పింపజాలదు.

డబ్బిచ్చి కొనిన బండి యజమానిదా, కంపెనీదా? పల్లెలోని రైతు చిన్న సెన్సారు కొఱకు బండిని జిల్లాకేంద్రమునకు లాగించుకొని పోయి, అచ్చట చెప్పిన వెల చెల్లింపవలసి వచ్చుచున్నది. బేరమాడుటకు రెండవ దుకాణము లేదు. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల తరతరములుగ ఇనుముతో మాటలాడిన చేతులకు నేర్పు కొఱవడినదనుట అన్యాయము. వారికి అందనిది కంపెనీ పుస్తకము.

తమ డీలర్లకిచ్చు మాన్యువళ్లను, స్కానరు సాఫ్టువేరును, విడిభాగములను న్యాయమైన వెలకు యెల్ల మెకానిక్కులకును ఇయ్యవలెనని కంపెనీలను నిర్బంధించు చట్టమును పార్లమెంటు చేయవలెను. దొంగతాళముల భయము చూపి కంపెనీలు దీనిని అడ్డగింపవచ్చును. తాళపుసంకేతములను మాత్రము రిజిస్ట్రేషను చూపిన యజమానికే ఇచ్చు నియమము పెట్టిన ఆ భయము తీరును.