రెండు రోజుల గోలీ

జరమొచ్చిన మొదటి రోజు మనం పనికి పోతం. రెండో రోజు ఆర్‌ఎంపీ దగ్గరికి పోతం. మూడో రోజు సెలైన్ ఎక్కించుకుంటం. ఐదో రోజు ఊపిరాడకపోతే ఆటో మాట్లాడుకుని పెద్దదవాఖానకు ఉరుకుతం. అక్కడ డాక్టరు మొదట అడిగేది "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని. ఏం చేస్తామయ్యా, కూలి చేశాం.

ఫ్లూ జరానికి ఒక గోలీ ఉంది. పేరు ఒసెల్టామివిర్. టామిఫ్లూ అంటే కొందరికి గుర్తొస్తుంది. 2009 మే నెలలో దేశంలో మొదటి స్వైన్‌ఫ్లూ కేసు హైదరాబాదులోనే తేలినప్పుడు పేపర్ల నిండా దీని పేరే. (పంది పేరు పెట్టినంత మాత్రాన పందులు పెంచుకునేవాళ్ల మీద పడొద్దు. అది మనిషి దగ్గు నుంచి మనిషికి అంటే జరం.) వైరస్ ఒక కణం నుంచి బయటపడి ఇంకో కణానికి పాకకుండా ఈ మందు అడ్డుపడుతుంది. కాబట్టి జరం మొదలైన 48 గంటల్లోపు పడితేనే దాని బలం ఎక్కువ. సరిగ్గా ఆ రెండు రోజులే మన చేతిలో లేవు.

ఇదేమీ అమృతం కాదు. గట్టిగా ఉన్న మనిషికి జరం ఒక రోజు అటూ ఇటూ ముందు తగ్గుతుంది, అంతే. అలాంటివాళ్లకు పారాసిటమాల్, నీళ్లు, పడక చాలు. గోలీ అవసరం ఎక్కువగా ఉండేది గర్భిణులకు, పసిపిల్లలకు, ముసలోళ్లకు, దమ్ము, షుగరు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు. రెండు రోజులు దాటినా ఆయాసం, ఛాతీ నొప్పి, పెదాలు నీలమవడం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే దవాఖానలో చేర్చాల్సిందే. అప్పుడు కూడా ఈ మందు మొదలుపెడతారు. "టైం దాటింది పొండి" అంటే ఊరుకోవద్దు.

మా వాడలో నాకు చిన్నమ్మ వరస అయ్యే ఒకామెకు డాక్టరు పది గోలీలు రాశాడు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు. మూడో రోజుకు జరం దిగింది. మిగిలిన నాలుగు గోలీలు కొంగున కట్టి దాచింది. మనవడికి జరమొస్తే ఒకటి విప్పి సగం పొడి పాలలో కలిపి పోసింది. పిలగాడు వాంతి చేసుకున్నాడు, అదృష్టం కొద్దీ అంతటితో పోయింది. నేను తిట్టలేకపోయాను. దండగ కావద్దని చేసింది. కానీ జరం దిగడం వేరు, కోర్సు పూర్తి కావడం వేరు. పిల్లలకు బరువును బట్టి 30, 45, 60 మిల్లీగ్రాములు రాస్తారు. 40 కిలోలు దాటితేనే పెద్దల 75. ఏడాది లోపు పాపలకు లెక్క ఇంకా వేరు. ఇంట్లో అందాజుగా పంచేది కాదు.

వాంతి, వికారం ఈ మందుకు మామూలే. ఏదన్నా తిన్నాక వేసుకుంటే తగ్గుతాయి. ఒక పూట మరిస్తే రెండు కలిపి మింగొద్దు. ఒంటి మీద దద్దుర్లు లేచినా, పిల్లలు తిక్కతిక్కగా మాట్లాడినా వెంటనే డాక్టరుకు చూపాలి.

కిడ్నీ జబ్బుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. మందు మూత్రంలోనే బయటికి పోతుంది కాబట్టి మోతాదు తగ్గించి రాయాలి. ఉద్దానం లాంటి చోట ఈ మాట ఇంటింటికీ చేరాలి. అక్కడ కిడ్నీ చెడినట్టు తెలియకుండానే పనికిపోయే కూలీలున్నారు.

ఇంకొక గందరగోళం. కరోనాకు వాడిన గోలీ కూడా "వైరస్ గోలీ"యే. 2021 డిసెంబరులో మన దేశంలో అనుమతి పొందిన మోల్నుపిరావిర్ గర్భిణులకు ఇవ్వకూడదు. ఒసెల్టామివిర్ గర్భిణికి ఫ్లూ వస్తే ఇవ్వాల్సిన మందు, అది కరోనాకు పనిచేయదు. పాత చీటీ చూపి కొత్త జరానికి మందు కొంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఆర్‌ఎంపీ మీద నాకు పగ లేదు. అర్ధరాత్రి పిలిస్తే వస్తాడు, బాకీ పెడతాడు. కానీ ఆయనిచ్చే స్టెరాయిడ్ సూదితో ఒళ్లు తేలికైనట్టు ఉంటుంది, వైరస్ దాని పని అది చేసుకుంటూ పోతుంది. యాంటీబయాటిక్ కూడా దాన్ని ముట్టదు. పిల్లలకు ఆస్పిరిన్ అసలే వద్దు. ఆ సూదుల కిందే మన 48 గంటలూ అయిపోతున్నాయి.

2017 దాకా ఈ గోలీ ప్రత్యేక లైసెన్సున్న కొద్ది షాపుల్లోనే దొరికేది. ఆ ఏడాది హెచ్1 షెడ్యూలులోకి మార్చారు. ఇప్పుడు డాక్టరు చీటీ ఉంటే మామూలు మందుల షాపు కూడా అమ్మొచ్చు, రిజిస్టరులో రాసుకోవాలి. హైదరాబాదు కంపెనీలే తయారుచేసే మందు ఇది. పక్క మండలం పీహెచ్‌సీకి రావడానికేం కష్టం?

సంఘాల వాళ్లు ఒక పని చేయొచ్చు. వాడలో గర్భిణులు, బాలింతలు, దమ్మున్నవాళ్లు, కిడ్నీవాళ్లు ఎవరెవరో ముందే రాసిపెట్టుకోండి. వాళ్లకు జరమొచ్చిన రోజే ఆటో కిరాయి సంఘం డబ్బులోంచి తీయండి. మన దగ్గర ఫ్లూ జనవరి, మార్చి మధ్య ఒకసారి, వానల్లో ఒకసారి లేస్తుంది. వానలు పడకముందే ముగ్గురు నలుగురు పీహెచ్‌సీకి పోయి, 30, 45, 75 మూడు రకాల గోలీలూ, పిల్లల సిరప్పూ ఉన్నాయా అని అడగండి. లేవంటే కాగితం రాసిచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకుని రండి.